అమ్మకని కొన్న స్పీకర్లు

మా ఇంట్లో ఇప్పుడు ఉండేది ఇద్దరమే, నేనూ మా ఆయనా, కానీ ఇద్దరి చెవుల్లోనూ చెరొక జత ఇయర్‌ఫోన్లు దిగబడి ఉండటంతో లోపల మనుషులున్నారో లేదోనని పాలు పోసేవాడికి కూడా అనుమానమే. ఆయన ముందుగదిలో కూర్చుని ఏదో వింటూ తనలో తానే తలాడిస్తుంటారు, నేను వంటగదిలో ఇంకేదో వింటుంటాను, కాఫీ కావాలా అని నేను కేకేస్తే ఆయన పలకరు, పోపు మాడుతోందని ఆయన కేకేస్తే నాకు వినబడదు. ఒకనాడు నిజంగానే పోపు మాడింది. ఆ కోపంలో చెప్పేశాను, ఇక నావల్ల కాదు, పుస్తకాల అరలో పట్టేంత చిన్న స్పీకర్లు ఒక జత తెచ్చుకుందాం, మరీ ఖరీదువి అక్కర్లేదు, ఇద్దరం కూర్చుని ఒక్కటే విందాం అని.

ఈ సంగతి తెలియగానే చిత్తూరులో ఉండే మా అమ్మాయి నా ఫోనుకు వరసబెట్టి స్పీకర్ల బొమ్మలూ, వాటిని కొన్నవాళ్ల అభిప్రాయాలూ పంపింది. శ్రద్ధగా చదివాను. ఒకడు బ్రహ్మాండం అన్నదాన్నే ఇంకొకడు దండగ అంటాడు, పెట్టె మూల నొక్కుకుపోయి వచ్చిందని అలిగి మార్కులు తగ్గించినవాడొకడు, పక్కింటివాళ్లు పోట్లాటకు వచ్చారని మురిసిపోయినవాడొకడు. అందులో మనిషి గొంతు ఎట్లా పలుకుతుందో చెప్పినవాడు ఒక్కడూ లేడు. వినకుండా ఎట్లా కొంటామే అంటే, అందరూ అట్లాగే కొంటారమ్మా, నచ్చకపోతే తిప్పి పంపేయొచ్చు అంటుంది. సరిపోయింది! చప్పుడును చదివి కొనడం నాకు చేతకాదు, ఎందుకంటే నేను చప్పుడుతో బతికిన ఇంట్లో పుట్టినదాన్ని.

మా నాయనది చిత్తూరులో మైకు సెట్టు వ్యాపారం. పెళ్లిళ్లు, జాతరలు, సభలు ఎన్ని ఉన్నా ఆయనకు అసలు పని ఎండాకాలంలో భారతాలదే. మా వైపు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, ద్రౌపదమ్మ గుడి ముందర పందిరి వేసి భారతం జరిగినన్నాళ్లూ మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం నడిపిస్తారు. నమ్మకం కుదిరిందంటే ఊరిపెద్దలు ఏటేటా ఒకే మైకు సెట్టును పిలుస్తారు. వడమాలపేట వైపు, కార్వేటినగరం వైపు, ఐరాల చుట్టుపట్ల పల్లెల్లో నాయనను కాదని ఇంకొకర్ని పిలిచినవాళ్లు లేరు. ఆ పనిలో కష్టమంతా ఒక్కచోటే ఉంటుంది. కథ చెప్పే ఆయన ఊపు మీద మైకుకు మరీ దగ్గరగా వచ్చినప్పుడు కీచుమని ఒక కూత లేవబోతుంది చూడండి, ఆ కూత పెద్దది కాకముందే పసిగట్టి ఆంప్లిఫయరు మీది నాబు తిప్పి దాన్ని అణిచేయాలి. కథ మంచి పట్టులో ఉండగా మైకు కూసిందా, జనం కథకుణ్ణి వదిలేసి మైకు సెట్టు వాడి వైపు తిరుగుతారు, మరుసటేడు పిలుపు అనుమానమే.

ఇక సెట్టు మంచిదా కాదా అని తేల్చడానికి మావాళ్లకు ఒక పద్ధతి ఉండేది. బాకాల్లాంటి పెద్ద స్పీకర్లు చెట్టుకు కట్టి పాట వేశాక ఒక మనిషి ఊరి పొలిమేర దాకా నడుచుకుంటూ పోయి, వినబడితే తువ్వాలు పైకెత్తి ఊపాలి. ఎంత దూరాన తువ్వాలు ఊగితే సెట్టు అంత గట్టిది. మా నాయన దృష్టిలో చప్పుడుకు ఇంకో కొలత లేదు.

అమ్మకేమో హరికథంటే ప్రాణం. అయితే పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ విన్నదంతా పొయ్యి దగ్గర కూర్చుని, గాలివాటున బాకాల్లోంచి తేలివచ్చిన ముక్కలే. మేము ఎదిగొచ్చాక మాత్రం ఆవిడ నాయన వెంట భారతాలకు పోవడం మొదలుపెట్టింది, ఆంప్లిఫయరు పక్కనే చాప పరుచుకుని నాయన మోకాలికి ఆనుకున్నట్టు కూర్చునేది. కొత్త పెళ్లికూతురు బయల్దేరింది చూడండే అని మా మేనత్తలు ఏడిపించేవాళ్లు, వాళ్లతో పాటు నేనూ. అమ్మ నవ్వి ఊరుకునేది. నాకొక్కటే అర్థమయ్యేది కాదు. తెల్లారి ఇంటికి వచ్చాక నిన్న హరికథ ఎంతవరకూ వచ్చిందమ్మా అని అడిగితే, ఏమో, బాగానే సెప్పినాడు అనేదే గాని ఒక్క ముక్కా చెప్పలేకపోయేది.

నాకు చిత్తూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్స్ కలిపే ఉద్యోగం వచ్చిన కొత్తలో, అమ్మకు ఏదైనా ఇష్టమైనది కొనిపెట్టాలని ఉబలాటపడ్డాను. చీరా, కమ్మలా అని అడిగితే ఆవిడ అవేవీ వద్దని, ఇంట్లో నా పాటికి నేను కూచోని, పక్కన మనిషి సెప్తావుంటే విన్నట్టు హరికథ వినల్లమే పాపా, ఒక్కసారి పూర్తిగా వినల్ల అంది. అట్లా మా ఇంటికి టేప్ డెక్కూ, చిన్న ఆంప్లిఫయరూ వచ్చాయి. వాటికి స్పీకర్లు మాత్రం విని కొనాలని ముగ్గురమూ బస్సెక్కి తిరుపతి వెళ్లాం.

స్టేషను దగ్గరి సందులో ఒక సాయిబు గారి కొట్టుండేది. జిల్లాలో మైకు సెట్ల వాళ్లందరూ సామాను అక్కడే కొనేవాళ్లు, ఎవరి సెట్టు కాలింది, ఎవరి పిలుపు తప్పింది అన్న కబుర్లన్నీ ఆ కొట్టు అరుగు మీదే పుట్టేవి. ఆయన మేము పెట్టుకోగల ధరలో రెండు జతలు చూపించారు. ఒకటి కాస్త పెద్ద పెట్టెలు, గుండెలో దడదడమనేంత మొద్దు చప్పుడు. రెండోది చిన్నవి, పుస్తకాల మధ్య దూర్చినా పడతాయి, అరవవు గాని మాట విడివిడిగా పలుకుతాయి. ఎక్స్ఛేంజిలో పొద్దస్తమానం గొంతులు వినే దాన్ని కదా, రెండో జత నాకు చెవిన పడగానే నచ్చింది. అమ్మ ముఖం చూస్తే ఆవిడకూ అవే నచ్చాయని తెలిసిపోయింది.

నాయన ఒప్పుకోవద్దూ! తువ్వాలు భుజాన వేసుకుని రోడ్డు దాటి అవతలి గట్టుకు బయల్దేరారు. సాయిబు గారు నవ్వుతూ, ఇది ఇంట్లో పెట్టుకునేది అన్నా, ఊరికి గాదు అంటే, ఇంట్లో వాళ్లకు ఎట్లయినా వినబడతాదిలే భాయ్, వాకిట్లో పొయ్యేవానికి వినబడల్ల గదా అని ఆయన సమాధానం. పెద్దవి వేయగానే అవతల తువ్వాలు లేచింది. లేవడంతోనే పుత్తూరు బస్సొకటి తన కోసమే అనుకుని కీచుమంటూ ఆగింది, కండక్టరు దిగి నాయనను తిట్టిన తిట్లు స్పీకరు లేకుండానే మాకు వినిపించాయి. చిన్నవి వేసినప్పుడు తువ్వాలు లేవనే లేదు. నేను పట్టుబట్టి నాయనను లోపలికి పిలిపించి, బెంచీ మీద మా ఇద్దరి మధ్యన కూర్చోబెట్టి, ఇంట్లో విన్నట్టు వినండి నాయనా అన్నాను.

సాయిబు గారు చిన్నవాటికి వైర్లు తగిలించి ఒక హరికథ క్యాసెట్టు వేశారు. మొదట గొంతు లేదు, వట్టి చిడతలు, వాటి వెనకాల సన్నగా గజ్జెలు. అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో! కథ చెప్పే మనిషి మా ముందర నిలబడి అడుగు వేస్తున్నట్టే ఉంది. అమ్మ కళ్లు మూసుకుంది. నాయన మాత్రం తిరుగుతున్న క్యాసెట్టు వైపు చూశారు, మా వైపు చూశారు, ఓపికగా ఇంకాసేపు ఆగి అడిగారు, “ఏం భాయ్, ఇంగా పెట్టలేదా?”

చిడతలు మోగుతూనే ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపల అమ్మ కళ్లు తెరిచింది.

“ఇంగా లేదు. టేపు సుట్టుకుంటా ఉండాది.”

సాయిబు గారు అమ్మ ముఖం ఒక్కసారి చూశారు. చూసి, అవునన్నా, పాడు క్యాసెట్టు అంటూ మెల్లగా ఆపేశారు. వైర్లు పీకి పెద్దవాటికి తగిలించి, టేపును ముందుకు జరిపి, గొంతు గట్టిగా ఎత్తుకున్న చోట వేశారు. నాయన ముఖం వికసించిపోయింది, ఇదీ గొంతంటే అని తొడ చరుచుకున్నారు. చిడతలే వినబడని మనిషికి మైకు కూత ఎట్లా వినబడుతుంది? ఈ మాట ఈ అరుగు మీద పడిందంటే వచ్చే ఎండాకాలానికి మా నాయనను పిలిచేదెవరు?

“ఆ పెద్దవే బాగుండాయి, అవే కట్టించు,” అంది అమ్మ.

నీకు కావాల్సినవి అవి కావు కదమ్మా అనబోయాను, చేతి మీద గట్టిగా గిచ్చింది. నాయన సంబరంగా తాడు వెతుక్కుంటూ బయటికి పోయినప్పుడు సాయిబు గారు పెట్టె కడుతూనే, తలెత్తకుండా, ఈ మాట ఈ కొట్టు దాటదు వదినా అన్నారు. అనడమే కాదు, ఆయన చివరిదాకా ఆ మాట మీద నిలబడ్డారు. ఆ పుణ్యాత్ముణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

తిరుగు బస్సులో నాయన పెట్టెలు ఒళ్లో పెట్టుకుని డ్రైవరు వెనకాల కూర్చుంటే, వెనక సీట్లో అమ్మ నాకు అసలు సంగతి చెప్పింది. ఏళ్ల తరబడి బాకాల కిందా ఆంప్లిఫయరు పక్కనా కూర్చున్నందుకో ఏమో, నాయనకు సన్నని చప్పుళ్లు వినబడటం మానేసి చాలా కాలమైంది. మాటలు బాగానే వినబడతాయి, కూత వినబడదు. అందుకని అమ్మ పక్కన కూర్చుని, కూత లేవబోతుందనగానే ఆయన మోకాలు తడుతుంది, ఆయన నాబు తిప్పుతారు. దీని గురించి మొగుడూ పెళ్లాలు ఒక్కనాడూ ఒక్క మాటా అనుకోలేదట. నువ్వెందుకు తడతావో నాయనకు తెలుసా అని అడిగితే, “తెలవకుండా యాడికి పోతాది, ఆయనా అడగడు, నేనూ సెప్పను,” అంది. నా ఏడిపింపులన్నీ గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. అన్ని మధ్యాహ్నాలు అందరికంటే ముందు వరసలో కూర్చుని ఆవిడ కథ వినలేదు, కూత కోసమే చెవులు రిక్కించి కూర్చుంది. ఇంట్లోనైనా నిశ్చింతగా విందామనుకుంటే ఆ ఒక్క కోరికా తన నోటితో తానే వదులుకుంది. అట్లా ఎందుకు చేశావే తల్లీ అని గొడవపడ్డాను. ఆయనకు వినబడని దాన్ని ఇంట్లో పెట్టి దినమూ ఆయన్ను దాని ఎదురుగా కూచోమంటావా అని ఎదురడిగింది.

ఆ పెట్టెల్ని నాయన ఏం చేశారనుకున్నారు? అటక మీదికెక్కించి, ముందుకు వంచి తాడుతో బిగించి, వీధి వైపు తిప్పి కట్టారు! మా వీధిలో పోయేవాళ్లందరికీ హరికథ, అమ్మకు మాత్రం గోడకు కొట్టుకుని వచ్చే గుడగుడ. బాగుండాదా అని ఆయన అడిగేవారు, బాగుండాది అని ఆవిడ అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అయినా నిజం చెప్పొద్దూ, పొద్దుగూకే వేళ వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్లు ఆగి వింటుంటే నాయన పడే మురిపెం చూసి మండిన ఒళ్లు చల్లారిపోయేది కూడా. ఆయన భారతాలకు పోయినంత కాలం అమ్మా పోయింది. ఆయన సెట్టు ఒక్కసారి కూడా కూయలేదు.

నాయన పోయిన తర్వాత, కర్మలన్నీ ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక, అమ్మ ఒకరోజు తనంతట తానే నా దగ్గరికి వచ్చి, ఇంగ ఆ సిన్నవి తెచ్చిస్తావా అని అడిగింది. చిన్నవి అంటే ఏవని నేను అడగాల్సిన పని లేకపోయింది. అప్పటి జత దొరకలేదు గాని సాయిబు గారు వెతికి అట్లాంటివే ఇచ్చారు. వాటిని అటక మీద కాకుండా పుస్తకాల అరలో, కూర్చున్న మనిషి చెవి ఎత్తున, రెండూ అమ్మ వైపు తిరిగేట్టు పెట్టాను. చిడతలు మొదలయ్యాయి, గజ్జెలు మొదలయ్యాయి. అమ్మ మంగళం పాడేదాకా కదలకుండా వింది. ఆ తర్వాత కథంతా పూసగుచ్చినట్టు నాకు తిరిగి చెప్పింది, ఎక్కడ పద్యమో ఎక్కడ పిట్టకథో కూడా వదలకుండా. చెప్పి చెప్పి ఆగి, “ఇంత సన్నంగా మోగుతాయే గజ్జెలు. ఇవన్నీ మీ నాయనకు ఎప్పుడు పోయినాయో ఏమో, నాతో ఒక్కనాడూ సెప్పుకోలే,” అని కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన పోయిన రోజున కూడా అంత ఏడవలేదు.

అట్లాగని ఆవిడ వినడం మానేయలేదు. ఆ చిన్న స్పీకర్ల ముందర మా అమ్మ ఎన్నో సాయంత్రాలు సుఖంగా గడిపింది, అది నాకు గొప్ప తృప్తి.

ఇప్పటి సంగతి అంటారా, మా అమ్మాయి మాట కాదని మేమిద్దరం ఊళ్లో ఉన్న కొట్లన్నీ తిరిగాం. చాలాచోట్ల అట్టపెట్టెలు చూపించారే గాని వినిపించలేదు. వినిపించిన ఒక్క చోటా మా ఆయనకు దడదడమనేవి నచ్చాయి, నాకు పక్కవి నచ్చాయి. పెద్దమనసు చేసుకుని ఆయనకు నచ్చినవే కట్టించమన్నాను. తీరా ఆటో మలుపు తిరగకముందే, నాకివి అస్సలు నచ్చలేదని ఆయన ముఖాన చెప్పేశాను. ఆయన ఏమీ అనుకోలేదు, అయితే రేపే మార్చుకుందాం పద అన్నారు, మరునాడు మార్చుకున్నాం కూడా. ఈ రోజుల్లో అన్నీ అంతే, ఎవరికి ఏది నచ్చలేదో అప్పటికప్పుడు చెప్పేసుకుంటాం, అదే మేలేమో కూడా. మా అమ్మ మాత్రం బాగుండాది అని ఒకసారి అన్నాక, నాయన ఉన్నన్నాళ్లూ ఆ మాట మీదే ఉండిపోయింది.