డాక్టర్ నంజుండప్ప గారి దగ్గు

డాక్టర్ నంజుండప్ప గారు అనంతపురం పెద్దాసుపత్రిలో పరమపదించారన్న కబురు కళ్యాణదుర్గంలోని మా దవాఖానాకు చేరింది. క్షయరోగుల సేవకే జీవితం ధారపోసిన ఆ మహానుభావుణ్ణి క్షయే కబళించింది. డెబ్బైల చివర నుంచి ఆయన పక్కన పనిచేసిన వైద్యురాలిని నేను. దుఃఖం కన్నా నాకు కోపమే ఎక్కువగా ఉంది.

మందు రాసి పంపేయడం ఆయన స్వభావం కాదు. దగ్గు తగ్గగానే మాత్రలు మానేసిన కంబదూరు కూలీ ఓబులేసును ఒకసారి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"నీ ఊపిరితిత్తుల్లో కాపలా కణాలు ఉండాయప్పా. బయటి క్రిమి వస్తే పట్టుకొని మింగుతాయి. ఈ క్షయ క్రిమి మొండిది, మింగినదాని కడుపులోనే కాపురం పెడ్తాది. అప్పుడు తక్కిన కణాలొచ్చి చుట్టూ గోడ కడ్తాయి."

"అయితే అది సచ్చినట్లే గదా సామీ?"

"యాడ సచ్చినాది? గోడ లోపల బతికే ఉండాది. నీ ఒంట్లో బలం తగ్గితే గోడ కూలుతాది."

"వాన మొగం జూసి రెండేండ్లాయ. బలం యాడిది సామీ?"

"మాత్రలు నేనిస్తా, ఆ కణాలకు కూడెవరు పెడతారమ్మా?" అని సాయంత్రం ఆయన నా మీద కేకలేశారు. మర్నాటి నుంచి ఆయన ఇంట్లో వండిన రాగిసంగటి రోగులకు దవాఖానా అరుగు మీదే పెట్టించారు.

లోపలికొచ్చిన క్రిమి శత్రువని కాపలా కణానికి ఎలా తెలుస్తుందని నేను అడిగితే, "ఇంకా ఎవరికీ సరిగా తెలియదు తల్లీ" అని నవ్వేవారు. తెలియనిదాన్ని తెలియదనగల పాండిత్యం ఆయనది.

ఆయనకు ఉబ్బసం. చెనక్కాయల నూర్పిడి దుమ్ముకు ఊపిరాడేది కాదు. ఆయాసాన్ని అణిచే స్టీరాయిడ్ మాత్రలు ఆ కాపలా కణాలను నీరసపరుస్తాయని, అంగట్లో కొనుక్కొచ్చినవాళ్ల చేతుల్లోంచి లాక్కునేవారు. తాను మాత్రం రోజూ మింగేవారు. ఆయన ఎక్స్‌రేలో గోడ కట్టిన పాత క్షయ మచ్చ ఉందని ఇద్దరికీ తెలుసు. ఎన్నిసార్లు పోట్లాడానో!

"మానేస్తే కుర్చీలో కూర్చోలేను. నేను కూర్చోకపోతే వీళ్లు యాడికి పోతారు?" అనేవారు.

పోయిన వేసవిలో దగ్గు ముదిరితే దుమ్ము వల్లనే అన్నారు. ఎవరు దగ్గినా కఫం పరీక్ష చేయించే మనిషి తన కఫాన్ని మాత్రం పంపలేదు. పంపేనాటికి రోగం మెదడు పొరలకు పాకింది.

పెద్దాసుపత్రికి చివరిసారి చూడబోతే ఆయన బంధువొకడు, "గుండెపోటని చెప్దాం మేడమ్, ఇంట్లో పెండ్లికెదిగిన పిల్లలుండారు" అని గుసగుసలాడాడు. మంచం మీద ఆయన కళ్లు తెరిచారు.

"నేనే దాచిపెడితే రేపు పరీక్షకు ఎవరొస్తారు? ఉన్నదున్నట్లు చెప్పు తల్లీ. తెలిసి తెలిసీ ఆ స్టీరాయిడ్ మాత్రలు మింగినాడని గూడా చెప్పు."

చెప్పాను. దహనమైన మరునాడే అరుగు మీదున్న రోగులందరికీ చెప్పాను. నాలుగు నెలలుగా మందు తింటున్న ఒక ముసలావిడ అంతా విని, "అంత డాక్టరునే బతికించని మాత్రలు నన్నేం బతికిస్తాయి తల్లీ?" అని పొట్లం నా బల్ల మీద పెట్టి బయలుదేరింది. ఆయన మందు మొదలుపెట్టిందే ఆలస్యంగానని వెంటపడి చెప్పాను. ఆవిడ ఆగలేదు. చేయి పట్టుకుని వెనక్కి తెచ్చి కూర్చోబెట్టగలిగిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయనకే ఈ నమస్కారం.