మానుకోట రోడ్డు మీద రాయబారం

ఆ రోజుల్లో మా వైపు బస్సు ఎన్నింటికని ఎవరూ అడిగేవారు కాదు, ఇవాళ బందా కాదా అని అడిగేవారు. తెలంగాణ ఉద్యమం అంత ఊపు మీదుంది. నేనేమో దౌత్యం, శరణార్థులు అంటూ పరిశోధన చేస్తూ, లోకంలోని తగాదాలన్నీ నాకోసమే ఆగి ఉన్నాయన్నంత ధీమాగా తిరిగేదాన్ని. పక్క రాష్ట్రంలో కాల్పులకు జడిసి వచ్చిన కొన్ని కుటుంబాలు గంగారం అడవిలో గుడిసెలు వేసుకున్నాయి. (దేశం దాటలేదు కనుక వాళ్లను శరణార్థులనకూడదని మా గైడు పేచీ.) వాళ్లలో ఒక అవ్వ తన కథ చెబుతానంది. సాయంత్రం మిరప కోతలకు వలసపోతున్నామని, ఆ మధ్యాహ్నమే రమ్మంది.

జఫర్‌గఢ్ నుంచి మా బాపు స్కూటరు మీద ఇద్దరం బయలుదేరాం. మానుకోట దాటగానే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, ఉద్యమం వాళ్ల వంటావార్పు, ఎక్కడి బండ్లు అక్కడే. నేను నోరు తెరిచేలోపే బాపు అక్కడ ముందుండి నడిపిస్తున్న అక్కతో, "మా బిడ్డ దేశాల నడుమ కొట్లాటలు తెంపే సదువు సదువుతున్నది" అనేశాడు. "గట్లనా! అయితే జర గీ కొట్లాట తెంపు బిడ్డా" అందామె. ఉన్నది ఒక్కటే పెద్ద గంజు. అందులో బగారా వండాలని ఒక సంఘం, కిచిడీ అని ఇంకో సంఘం. పొంగిపోయి రంగంలోకి దిగాను. విడివిడిగా చర్చలు జరిపాను, తర్వాత ఉమ్మడిగా కూర్చోబెట్టాను. ఫలితంగా ఉప్మా కావాలని మూడో వర్గం పుట్టింది. "మీరు మాట్లాడుకోండ్రి, నేను ఎసరు పెడుత" అని అక్క కిచిడీ వండేసింది. అందరూ కిక్కురుమనకుండా తిన్నారు.

నేను విస్తరి ఎత్తుతుంటే అక్క అడిగింది, ఏం పని మీద పోతున్నరని. చెప్పాను. "అయ్యో పిచ్చి పిల్లా, గప్పుడే చెప్తే పంపకపోదుమా? పొద్దటి సంది దవాఖానకు పోయేటోళ్లను, పెండ్లికి పోయేటోళ్లను పంపుతనే ఉన్నం గద!"

గంగారం చేరేసరికి పొద్దు గూకుతోంది. గుడిసెలు ఖాళీ. బోరింగు దగ్గర నీళ్లు కొడుతున్న ఒకామె చెప్పింది: "అవ్వ నీకోసం శానాసేపు ఈడనే కూసున్నది. ట్రాక్టరోడు ఆగనంటే ఎక్కింది. 'గా పిల్ల వస్తదా' అనుకుంటనే పోయింది." తిరుగుదారిలో బాపు స్కూటరు ఆపి, చలికి తన కండువా తీసి నాకు కప్పాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఆ కుటుంబాలు మళ్లీ రాలేదు. భూపాలపల్లి వైపు ఉన్నారని విని వెళ్లి వెతికాను, దొరకలేదు. డాక్టరేటు వచ్చింది. జనగామలో పాఠాలు చెబుతున్నాను. ఆ అవ్వ ఎవరిని వదిలి వచ్చిందో, ఏ దారిన నడిచిందో మాత్రం నా గ్రంథంలో లేదు. ఆనాటి నేను ఇప్పుడు ఎదురుపడితే కోప్పడను. అంత ఉత్సాహం చూసి నవ్వొస్తుంది కూడా. పక్కకు పిలిచి, "దారి అడుగు బిడ్డా, అడిగితే ఇస్తరు" అని మాత్రం చెబుతాను.