పది అని రాసిన చీటీ

నెబ్రాస్కాలోని ఆ జిల్లాలో, బీన్సు సీసాలకెత్తి ఏడాది పొడుగునా దాచుకునే ప్రతి ఇంటివాళ్లకూ ఆర్డిస్ ఫోగెల్ తెలుసు. వ్యవసాయ విస్తరణ కార్యాలయంలో ఆమెది నలభై ఏళ్లకు పైబడిన కొలువు. ఏటా జూన్‌లో ఒక రోజు ఆడవాళ్లు తమ పెద్ద కుక్కర్ల మూతలు చంకన పెట్టుకొచ్చి ఆమె బల్ల ముందు వరస కడతారు. మూత మీద ఒత్తిడి చూపే గేజి నిజం చెబుతోందో లేదో చూసి, తేడా ఉంటే ముల్లు ఎంతదాకా రావాలో చీటీ రాసి పిడికి కట్టి పంపాలి. ఒత్తిడి చాలకపోయినా బీన్సు చూపుకు బాగానే ఉంటాయి. వాసనా మారదు. లోపల మాత్రం విషం పుట్టవచ్చు.

ఎవరైనా ఒక్కసారి చూసి వదిలే గేజిని ఆర్డిస్ మూడుసార్లు చూసేది.

“ఈమె దగ్గరికి మూత తేవడమంటే కోర్టు మెట్లెక్కడమేనే! నిర్దోషి అని తేలేసరికి పొద్దు వాలిపోద్ది” అని వరసలోవాళ్లు ఆటపట్టించేవాళ్లు. ఆర్డిస్ కూడా నవ్వేది. చర్చి భోజనాల్లో మాత్రం ఎవరింటి సీసా బీన్సూ పళ్లెంలో వేయించుకునేది కాదు.

ఆమె ఈ బల్ల ముందు మొదటిసారి కూర్చున్నది ఇరవయ్యో ఏట. కాలేజీ పిల్లలకు జీతమిచ్చి వేసవి పది వారాలూ జిల్లా పనిలో పెట్టుకునే ఇంటర్న్‌షిప్ అది. రోజంతా మూతలు చూసి చూసి కళ్లు బైర్లు కమ్ముతున్న వేళ, బ్లాంచ్ నోవోట్నీ అనే రైతు భార్య వచ్చింది. ఆమె గేజి ఒక పౌను ఎక్కువ చూపిస్తోంది. అంటే బీన్సుకు కావలసిన పదకొండు పౌన్ల ఒత్తిడి రావాలంటే ముల్లు పన్నెండు దాకా రావాలి. ఆర్డిస్ కలపాల్సింది పోయి తీసేసింది. పది అని రాసింది. “చదువుకున్న పిల్లవి, నీ మాటే నా మాట” అంటూ బ్లాంచ్ ఆ చీటీ కట్టించుకుని వెళ్లింది.

సెప్టెంబరులో, తరగతి గదిలో పంతులమ్మ అదే లెక్క బోర్డు మీద వేస్తుంటే ఆర్డిస్ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ సాయంత్రమే ఫోను చేసింది. “హలో, ఎవరండీ?” అని బ్లాంచ్ గొంతు వినబడగానే పెట్టేసింది. తప్పు ఒప్పుకుంటే, మరుసటి ఏడు ఆ పని మళ్లీ తనకివ్వరేమోనని భయం. నవంబరులో పేపరు చూసింది. బ్లాంచ్ భర్త ఎమిల్ పోయాడు, పక్షవాతం. రెప్పలు వాలి, మాట ముద్దయి, మూడు రోజుల్లో పోయాడట. ఆ విషం తిన్నవాళ్లకూ రెప్పలు అలాగే వాలతాయి.

చదువయ్యాక ఇంకెక్కడికైనా పోవచ్చు. పోలేకపోయింది. పెళ్లాడి, ఇంటిపేరు మార్చుకుని, అదే జిల్లాలో ఉండిపోయింది. కొట్లో బ్లాంచ్ కనబడితే సరుకుల బండి పక్క వరసలోకి తిప్పేసేది. మూతల రోజుకు బ్లాంచ్ మళ్లీ ఎప్పుడూ రాలేదు. ప్రతి మూతా ఆర్డిస్‌కు ఆ మూతలాగే కనబడేది. వాలిన రెప్పలతో ఎమిల్, తానెన్నడూ చూడని మనిషి, వరస చివర నిలబడి తన వంతు కోసం చూస్తున్నట్టుండేది.

ఆ చీటీ రాసి నలభై అయిదేళ్లయింది. ఈసారి బల్ల దగ్గర ట్రెసా అనే ఇంటర్న్ కూర్చుంది. అరవై దాటిన ఒకావిడ మూత తెచ్చి పెట్టింది.

“మా అమ్మదమ్మా. ఏప్రిల్‌లో పోయింది. బ్లాంచ్ నోవోట్నీ అని. నేను మార్లీస్‌ని. పారేయబుద్ధి కాక తెచ్చా.”

ట్రెసా గేజి బిగించి చూసి, పిడికి వేలాడుతున్న పసుపు చీటీ విప్పింది. “అయ్యో, ఆర్డిస్ గారూ! పౌను ఎక్కువ చూపిస్తుంటే ఎవరో తిరగేసి పది రాశారు చూడండి. మాలాంటి ఇంటర్న్ బాపతే అయ్యుంటారు!”

వరసలో నవ్వులు లేచాయి. చీటీ చివర పొడి అక్షరాలు రెండే, అవీ పెళ్లికి ముందు పేరువి. ఎవరికీ తెలియదు. నవ్వేసి కొత్త చీటీ కడితే చాలు, ఈ జన్మకు తెలియదు కూడా.

“ఆ ఇంటర్న్‌ని నేనే” అంది ఆర్డిస్. “ఆ ఏడే మీ నాన్న పోయాడు. నాకు సెప్టెంబరులోనే తెలిసింది మార్లీస్. చెప్పలేదు.”

నవ్వులు ఆగిపోయాయి. మార్లీస్ చీటీ అందుకుంది.

“నాన్నకేమైందో ఇప్పుడు దేవుడే చెప్పాలి. డాక్టరు పక్షవాతమన్నాడు, పాతిపెట్టాం. అమ్మ మాత్రం ఆ డాక్టర్ని నమ్మలేదు, తన బీన్సే చంపాయనుకుంది. మళ్లీ కుక్కరు ముట్టలేదు. ‘సీసా అంచు సరిగ్గా తుడవక మూత పట్టలేదేమోనే’ అనేది. అన్నం తింటూ తింటూ అనేది. ఆఖరికి ఆసుపత్రిలో నా పేరు మర్చిపోయింది గానీ, అది మర్చిపోలేదు.”

“నేను...”

“నువ్వు ఊళ్లోనే ఉన్నావు కదా” అంది మార్లీస్. గొంతు పెంచలేదు. “ఎప్పుడైనా వచ్చి, తప్పు నీది కాదు బ్లాంచ్ అంటే సరిపోయేది.”

మూత బల్ల మీదే వదిలి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది. “ఆ ఏటి సీసాలు నేలమాళిగలోనే ఉన్నాయి. అమ్మ తినదు, పారేయదు. వాటినేం చెయ్యాలో నీకే తెలుసుగా. వచ్చి తీసుకుపో.”

మధ్యాహ్నం ఆర్డిస్ ఒక్కతే ఆ ఇంటి నేలమాళిగ మెట్లు దిగింది, చేతులకు తొడుగులు వేసుకుని. అరల మీద పద్దెనిమిది సీసాలు, దుమ్ము లేకుండా తుడిచి ఉన్నాయి. నలభై అయిదేళ్లుగా తుడుస్తూనే వచ్చినట్టున్నారు. ఒక్కొక్కటీ అట్టపెట్టెలోకి దించుతూ, దీపం కిందికి తెచ్చి చూసింది. ప్రతి సీసా మూత మీదా బ్లాంచ్ గుండ్రటి చేతిరాతలో తేదీ ఉంది. దాని కింద, చెప్పిన మాట తప్పలేదని సాక్ష్యం పెట్టుకున్నట్టు, పది పౌన్లు అని ఉంది.