పెద్దకోడలి వరండాలో బదనిక

ఒకే కొమ్మ మీద పెరిగిన మొక్క రెండిళ్లకు వచ్చింది. మా తోడికోడలికి పూసింది, నాకు పూయలేదు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

జగదల్‌పూర్‌లో మావి పక్కపక్క ఇళ్లు, మధ్యన ఒకటే గోడ. ఒకసారి మా ఆయన సంతలో సరుకు దింపి వస్తూ, ఘాట్ రోడ్డు పక్కన గాలివానకు విరిగిపడ్డ సరయి చెట్టు, అదే మన గుగ్గిలం చెట్టు, కొమ్మను చూశాడు. దానికి అడవి ఆర్కిడ్ అంటుకుని ఉంది. ఎండిపోతుందని ఇంటికి తెచ్చాడు. చెట్ల మీద ఏది పెరిగినా మా అత్తగారికి బదనికే. ఆవిడే దాన్ని రెండుగా విడదీసి మాకు చెరొకటి ఇచ్చింది.

నేను కుండీలో మట్టి నింపి, పేడ ఎరువు వేసి, రెండు పూటలా నీళ్లు పోశాను. వేళ్లు కుళ్లాయి. తోడికోడలు ఒట్టి బద్ధకస్తురాలు. కొమ్మముక్కతో సహా వరండా దూలానికి కట్టేసి మరిచిపోయింది. గాలి తగిలే ఆ వేళ్లు తెల్లగా బలిశాయి. వేసవికి జానెడు గుత్తి వేలాడింది, తెలుపు మీద గులాబీ చుక్కలతో. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, అది పుల్లకూర కాదు, నిజంగానే బాగుంది. వీధంతా వచ్చి చూసింది.

"చిన్నదాని చెయ్యి మంచిది" అంది అత్తగారు. నా చేతికేం రోగం?

మట్టిలోంచి తీశాను. కుళ్లిన వేళ్లు కోసి, సరయి బెరడు మీద పెట్టి కొబ్బరిపీచుతో కట్టి, పొద్దుటి ఎండ మాత్రమే తగిలేలా వరండాలో వేలాడదీశాను. చలికాలం నీళ్లు తగ్గించాను. మరుసటి వేసవికి మొగ్గలు వచ్చాయి. వచ్చి, విచ్చుకోకుండానే పసుపుపచ్చగా మారి రాలిపోయాయి. గోడ అవతల ఆమెది మళ్లీ పూసింది. కడుపుమంటతో ఏడ్చాను.

ఫోన్‌లో ఒక హిందీ వీడియో చూశాక అసలు సంగతి తెలిసింది. మాగుతున్న పండ్ల దగ్గర ఈ మొక్క ఉంటే మొగ్గలు నిలవవట. కిందికి చూశాను. వరిగడ్డిలో మామిడికాయలు. మా ఇంట్లో కాయలు మాగేసేది పెద్దకోడలి వరండాలోనే. తొలి పండు కోసం అందరూ నా గుమ్మానికే రావాలి. ఎంతో మురిసిపోయిన ఆ పెద్దరికమే నా పువ్వును తినేసింది.

ఈ ఏడు మొగ్గ కనబడగానే నడుంనొప్పి, కాయలు మాగేయలేను అన్నాను.

"పెద్దకోడలివి నువ్వుండంగ చిన్నదాని ఇంట్ల మాగేసుడేంది?" అని అత్తగారు సణిగింది. చివరికి ఒప్పుకుంది. కాయలన్నీ తోడికోడలి దూలం కిందికి చేరాయి. పైన ఆమె మొక్కకూ మొగ్గలున్నాయి. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

నాది పూసింది. ఆమెవి రాలాయి. వీధి ఈసారి నా వరండాకు వచ్చింది. నేను గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

తరువాత అత్తగారు వచ్చింది. పువ్వును చూసింది, ఒక్క మాటా మెచ్చుకోలేదు.

"చిన్నది ఒకటే ఏడుస్తాంది. బువ్వ గూడ తింటలేదు. నీది దానికియ్యి, పెద్దదానివి గదా" అంది.

తోడికోడలి మీద ఈ గారాబం చూడండి. నేను నిరుడు ఏడ్చినప్పుడు ఈవిడ ఎక్కడుంది? అయినా కాదనలేకపోయాను. పీచు తాడు విప్పి, గుత్తి నలగకుండా నేనే మోసుకెళ్లాను.

"ఎక్కడ కట్టమంటావు?" అని అడిగాను.

తోడికోడలు కళ్లు తుడుచుకుని, మామిడికాయల గడ్డికి సరిగ్గా పైనున్న అదే దూలం చూపించింది. "గక్కడనే అక్కా. ఎంత మంచిగుందో!"

ఆ కాయల మీద గుత్తి రెండు రోజులు కూడా నిలవదని నాకు తెలుసు. ముడి గట్టిగా వేశాను.