పేరున్న మోకాలు

ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక నవంబరులో, డబ్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ బ్యాడ్మింటన్ పోటీలకు నన్ను కోర్టు పక్క ఫిజియోగా వేశారు. ఆ పనిలో సగం ఎదురుచూపే. ఎవరు పడిపోయినా పరుగెత్తకూడదు. అంపైర్ చెయ్యెత్తి రెఫరీని పిలవాలి, రెఫరీ నన్ను పిలవాలి, అప్పుడే గీత దాటాలి. దాటాక కూడా దెబ్బ ఏమిటో చెప్పడం వరకే నా అధికారం. ఆడాలా మానాలా అన్నది ఆడేవాళ్ల ఇష్టం.

ఆ ఏడు హాలు నిండింది నత్సుకో కోసం. జపాన్ డబుల్స్ క్రీడాకారిణి. పెద్ద పతకాలు గెలిచి, కుడి మోకాలికి ఆపరేషన్ అయి, ఏడాదికి పైగా కనబడకుండా పోయి, కొత్త జోడీతో తిరిగొచ్చింది. గెలిచినా ఓడినా కోర్టు తుడిచేవాళ్లకు సైతం వంగి నమస్కరించి వెళ్లేది. జనానికి ఆమె అంటే ప్రాణం. ఆ మోకాలి పట్టీ రంగు మారినా వాళ్లకు వార్తే. డబ్లిన్ శివారు లూకన్ నుంచి వచ్చిన శ్రీను అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆ ఆపరేషన్ గురించి నాకే పాఠం చెప్పాడు. నా ఇన్నేళ్ల సర్వీసు గంగలో కలిసింది.

మూడో గేమ్ చివర్లో, వెనక్కి ఎగిరి కొట్టి దిగుతూ ఆమె కూలిపోయింది. రెండు చేతులతో కుడి మోకాలు పట్టుకుంది. హాలు చప్పున చల్లారింది.

వెనక వరుసలోంచి శ్రీను, "అయిపోయిందాంటీ, మళ్లీ అదే మోకాలు" అన్నాడు.

నాకూ అదే అనిపించింది. డబుల్స్‌లో ఒకరు విరమిస్తే జోడీ మొత్తం ఓడినట్టే. కానీ ఆ క్షణాన మ్యాచ్ ఎవరికి పట్టింది? ఆ మోకాలు రెండోసారి పోతే ఆమె ఆటే ముగుస్తుంది.

రెఫరీ పిలిచాడు. ఆమె మోకాలు ముట్టుకోనివ్వలేదు. సరేనని ఎడమ కాలు పట్టుకున్నాను. బాగున్న కాలు ముందు చూడాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. ఆ మనిషి కీళ్ల బిగువెంతో, వదులెంతో అదే చెబుతుంది. అంతలో ఆమె కాస్త తేరుకుని చేతులు తీసింది. కుడి మోకాలు కదిపి చూశాను. ఎడమదానంత గట్టిగానే నిలిచింది. కిందికి జరిగితే పిక్క రాయిలా బిగుసుకుని ఉంది. ఉత్త కండ పట్టేసింది, అంతే! ఆమెకు ఇంగ్లిషు అంతంతమాత్రం. అందుకని ఆమె చేతినే తీసి ఆ పిక్క మీద పెట్టాను. నొక్కి చూసుకుంది. నా ముఖంలోకి చూసింది. కళ్లు మూసుకుని నవ్వేసింది. నా ప్రాణం కుదుటపడింది.

పాదం పైకి వంచి పట్టుకుంటే కండ వదిలింది. ఎలా ఉందని రెఫరీ అడిగాడు. "గ్రాండ్" అన్నాను, బాగానే ఉందని ఐర్లండ్‌వాళ్లు అనే తీరులో. ఆట విరమిస్తున్నారా అని అంపైర్ నియమం ప్రకారం అడిగితే, ఆమె తల అడ్డంగా ఊపి లేచింది.

ఆ మ్యాచ్ వాళ్లు ఓడిపోయారు. అయినా హాల్లో ఒక్క ముఖమూ దిగులుగా లేదు. "ప్రాణం లేచొచ్చిందాంటీ" అంటూ శ్రీను నాకు టీ తెచ్చిచ్చాడు. ఆపరేషన్ ఊసు మాత్రం ఎత్తలేదు.

పేరుపడ్డ గాయం కళ్లకు అడ్డం పడుతుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కాలి నొప్పితో నా దగ్గరికి ఎవరొచ్చినా, వాళ్ల పాత స్కాన్ రిపోర్టు బల్ల మీద బోర్లించి, ముందు బాగున్న కాలు చూపించమనేదాన్ని.