చార్జింగ్ దగ్గర ఆగిపోయిన మేనమామ

పోయిన మాఘంలో మా అక్క కూతురి పెళ్లి కళ్యాణదుర్గంలో జరిగింది. పెళ్లికూతుర్ని అనంతపురం నుంచి నా కారులోనే తీసుకుపోతానని పట్టుబట్టింది నేనే. కొత్త కరెంటు కారు. కొన్నప్పటినుంచి బంధువుల్లో ఎవరు దొరికినా కూర్చోబెట్టి చెప్పేవాణ్ని: ఇంకొన్నేళ్లకు పెట్రోలు బంకులు మూతపడతాయి, మండలానికొక చార్జింగ్ స్టేషన్ వస్తుంది అని. మా బావ ఒక్కడే, "పెండ్లిపని కదప్పా, మామూలు కారు మాట్లాడుదాంలే" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను.

ముందురోజంతా ధర్మవరంలో చీరలకూ, తాడిపత్రి నుంచి పెద్దమ్మను తేవడానికీ ఆ కారే తిరిగింది. ఇంటికొచ్చి ప్లగ్గు పెట్టానుగానీ మా వీధిలో కరెంటు పోయి తెల్లవారినా రాలేదు. బ్యాటరీలో మిగిలింది చాలా తక్కువ. అయినా దిగులుపడలేదు. దారిలో ఒక డాబా ముందర చార్జర్ ఉంది. కారుకు తగిలించే రెండు గన్నులూ ఖాళీ అని ఫోన్‌లో పచ్చగా చూపిస్తోంది. అక్కకు కూడా చూపించాను.

బావా మిగతా బంధువులూ బస్సులో ముందే వెళ్లారు. కారులో అక్క, పెళ్లికూతురు, నేను. డాబా దగ్గరికి పోయేసరికి ఒక గన్ను చెడిపోయిందని దానికి ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంది. రెండోది వేరే కారుకు పెట్టి ఉంది. ఆ కారు వెనక సీట్లో ఒక ముసలావిడ ముడుచుకుని పడుకుంది. బెంగళూరు ఆసుపత్రి నుంచి ఊరికి తీసుకుపోతున్నానని ఆమె కొడుకు చెప్పాడు. మా కారుకు కట్టిన పూలదండలు చూసి అతనే లేచాడు.

"పెండ్లికూతురు ఉండాదే! మీరు పెట్టుకోండన్నా. మేం నిదానంగా పోతాం."

మొహమాటానికైనా వద్దనలేదు నేను. గన్ను అందుకోవడానికి చెయ్యి చాపాను. నా మేనకోడలు అద్దం దించి, "వద్దు మామా. అవ్వ ఎండకు అట్ల పడుకోనుండాది. వాళ్లనే పెట్టుకోనీ" అంది. చాపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అంతలో కళ్యాణదుర్గం పోయే షేర్ ఆటో వచ్చింది. అక్క దాన్ని ఆపింది.

"రేయ్, ముహూర్తం మించిపోతాది. కారు ఈడ పెట్టి ఆటో ఎక్కు."

"మీరు పోండక్కా. కొంచెం చార్జింగ్ ఎక్కించుకొని మీ ఎనకాలే వస్తా."

"నువ్వు లేకుంటే గంపలో బిడ్డను మండపానికి ఎవురు మోసుకొస్తారురా? మేనమామవి నువ్వే కదా!"

"వస్తానంటి కదక్కా."

కొత్త కారును రోడ్డు పక్కన వదలడానికి మనసొప్పలేదు. అంతకన్నా, నేను ఆటోలోంచి దిగుతుంటే బావ చూస్తాడన్న ఆలోచనే నన్ను అక్కడ నిలబెట్టింది. ఆటోలో ఉన్న ఒకావిడ కూరగాయల గంప ఒళ్లో పెట్టుకుని జరిగింది. పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని పెళ్లికూతురు ఎక్కింది. అక్క నావైపు చూడలేదు.

ముసలావిడ కారు వెళ్లాక నా కారుకు గన్ను పెట్టాను. కాసేపటికే మిషన్ ఆరిపోయింది.

"కరెంటు లైను ఆపినారంటన్నా. ఎప్పుడొస్తాదో చెప్పలేం," అన్నాడు డాబా అతను.

మిషన్ మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు ధన్యవాదాలు చెప్పింది. కళ్యాణదుర్గం బస్సు ఒకటి నా ముందునుంచే పోయింది. అప్పుడైనా ఎక్కివుండొచ్చు. ఇంతసేపు ఆగాను కదా అని ఇంకాస్త ఆగాను. బావ ఫోన్ చేస్తే, "దారిలో ఉండా బావా" అని అబద్ధం చెప్పాను.

చివరికి కరెంటు వచ్చి, కొంచెం చార్జింగ్ ఎక్కించుకుని నేను చేరేసరికి భోజనాలు సాగుతున్నాయి. గంపను మా చిన్నాన్న కొడుకు మోశాడట. మండపం మీదనుంచి పెళ్లికూతురు నన్ను చూసి, "మామా, రా, ఫోటో దిగుదాం" అని నవ్వుతూ పిలిచింది. ఆ పిల్ల తిట్టివుంటే తలెత్తుకోగలిగేవాణ్నేమో.

పెళ్లికొడుకు తండ్రి ఉత్సాహంగా నా పక్కన చేరాడు. "ఏమప్పా, కరెంటు కారంట కదా నీది? మావాడు కూడా అదే కొంటానంటాండాడు. మన పక్క చార్జింగులు వస్తాయా, రావా?"

ఆ మాట అడిగితే చాలు, గంటసేపు చెప్పగలిగేవాణ్ని. చుట్టూ ఉన్నవాళ్లు నావైపు తిరిగారు. "వస్తాయన్నా" అన్నాను. బావ ఏమంటాడోనని ఎదురుచూశాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "అన్నం తినుపో" అన్నాడు, అంతే.

అక్క ఇంతవరకూ ఆ సంగతి ఎత్తలేదు. ఇప్పుడా డాబా దగ్గర కొత్త మిషన్లు పెట్టారు, బాగానే పనిచేస్తున్నాయి. ఈమధ్య నల్లమాడలో ఏదో పని ఉందని అక్క ఫోన్ చేసి, "నీ కారులో పోదామా, బస్సులో పోదామా?" అని అడిగింది. గొంతులో ఎగతాళి లేదు. బస్సులోనే అన్నాను. దారంతా ఆమె పక్కన కూర్చుని కిటికీలోంచి వేరుశనగ చేలు చూస్తూ ఉండిపోయాను.