తగ్గుతున్న నీళ్ళు

దర్శి దగ్గర సాగర్ కాలువ పక్కనున్న చర్చిలో, కోటిలింగం మూడేళ్ళుగా కిటికీ బయటే నిలబడి ప్రసంగం వింటున్నాడు. వింటూ వింటూ కళ్ళు చెమ్మగిల్లితే, చేతికంటిన మిరపకాయల ఘాటంటాడు. పాస్టరుగారు కాలువలో బాప్తిస్మం మాటెత్తితే తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకుంటాడు. "చేనుకి పురుగుమందు కొట్టేదుందండీ" అన్నాడు ఒక ఏడు. "కోతలవనీయండి" అన్నాడు మరో ఏడు. లోపల తెల్లవారిందని తెలిసీ దుప్పటి ముసుగు తీయని మనిషి.

ఈ మధ్యాహ్నం కల్లంలో కాయలు తిరగేస్తుంటే భార్య మల్లేశ్వరి కేకేసింది. "పైన కాలువకి నీళ్ళు కట్టేశారంట! నీ కోతలయ్యేదాకా నీళ్ళాగుతాయా?"

మళ్ళీ నీళ్ళొచ్చేది ఆగస్టులోనే. తనకంటే చిన్నవాడు, తమ్ముడు, కిందటేడు ఆగస్టు చూడకుండానే పోయాడు. కోటిలింగం పాస్టరుగారిని వెంటబెట్టుకుని గట్టుకు పరుగెత్తాడు. రాళ్ళ మీద తడి గీత కిందికి జారిపోతోంది.

"మోకాళ్ళ లోతే ఉన్నాయి కోటిలింగం" అన్నారు పాస్టరుగారు.

"వెల్లకిలా పడుకుంటే మునగనా అండీ?"

ఆయన నవ్వి, గట్టు మీద నెమ్మదిగా ప్యాంటు మడుచుకుంటున్నారు. అప్పటికే బురదనీళ్ళలో చతికిలబడిన కోటిలింగం అరిచాడు.

"తొందరగా దిగండి అయ్యగారూ, తగ్గిపోతున్నాయి!"